మరల వచ్చువాడు

ధ్యాన భాగములు: ఎస్తేరు 2:5–11, యాకోబు 1:27, యోహాను 14:16–18



మనము ఇచ్చు మాటలు రెండు విధములు. షావుకారుకు ఇచ్చిన మాట ఒక విధము. గడువు దాటినచో అతడు మన గుమ్మములో నిలిచి అడుగును. నలుగురిలో తల వంచుకొనవలసి వచ్చును. కాబట్టి ఆ మాటను ఎట్లో నిలుపుకొందుము. అడుగలేని వారికి ఇచ్చిన మాట రెండవ విధము. "వచ్చే శనివారం వచ్చి నీకు లెక్కలు చెబుతాను" అని తల్లిదండ్రులు లేని ఒక పిల్లవానితో చెప్పి వచ్చితిమనుకొనుడి. ఆ శనివారము చేలో పని తగిలినది, లేక ఇంటికి చుట్టములు వచ్చిరి, మనము పోలేదు. ఎవరు మనలను నిలదీయుదురు? ఆ పిల్లవాడు కోర్టుకు పోడు, పంచాయితీ పెట్టించడు. తరువాతి వారము మనము వెళ్లినను, ఎందుకు రాలేదని అడుగుటకు వానికి నోరు రాదు. అట్టివానికి ఇచ్చిన మాట తప్పుట చిన్న తప్పా, పెద్ద తప్పా?

ఈ నెల ధ్యానమునకు ఈ ప్రశ్నను మీ ముందుంచుచున్నాను. దిక్కులేని పిల్లలకు చదువు చెప్పుదుమని మన యౌవనస్థులును, స్త్రీల సమాజము వారును ముందుకు వచ్చుట సంతోషకరము. అయితే కొండ్రకు నాగలి పూనకముందే పొలము ఎట్టిదో చూచుకొనుట మంచిది గదా.

ఆ పిల్లలు ఎవరు?

మన దేశములో 2015వ సంవత్సరమున బాలల న్యాయ చట్టమును క్రొత్తగా చేసిరి. అది 2016 జనవరి 15 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ప్రతి జిల్లాకును బాలల సంక్షేమ కమిటీ ఉండవలెను. అందులో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. తల్లిదండ్రులు చనిపోయిన బిడ్డ, వారు విడిచిపెట్టిన బిడ్డ, వారు ఉండియు పెంచలేని స్థితిలో ఉన్న బిడ్డ ఆ కమిటీ ఎదుటికి వచ్చును. కొందరిని అమ్మమ్మ యొద్దనో మేనమామ యొద్దనో ఉంచుదురు. కొందరిని బాలసదనములకును ఇతర గృహములకును పంపుదురు. కొందరిని కొంతకాలము వేరొక కుటుంబములో పెంపకమునకు ఉంచుదురు. దీనిని ఫోస్టర్ కేర్ అందురు. ఇది దత్తత వంటిది కాదు. ఆ బిడ్డ తన ఇంటికి తిరిగి పోవచ్చును, మరియొక చోటికి మారవచ్చును.

ప్రభుత్వము కొంత ధనసహాయమును చేయుచున్నది. మిషన్ వాత్సల్య అను పథకము క్రింద, అర్హులైన పిల్లలకు నెలకు 4000 రూపాయలు ఇచ్చు ఏర్పాటు కలదు. కోవిడ్ వ్యాధిలో తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లల కొరకు 2021లో ఏర్పడిన పథకము ప్రకారము, వారికి 23 ఏండ్లు నిండినప్పుడు 10 లక్షల రూపాయలు అందవలెను. ఇవి మంచి ఏర్పాటులే. కాని బడి నుండి వచ్చిన మార్కుల కార్డును చేత పట్టుకొని ఆ బిడ్డ ఎవరికి చూపించును? "తెలుగులో బాగా వచ్చాయి, లెక్కల్లో ఎందుకు తగ్గాయి?" అని అడుగువారెవరు? ఈ ఒక్క ప్రశ్న అడుగుటకు ఏ పథకములోను లెక్క వ్రాయలేదు. దానికి మనిషి కావలెను.

దిక్కు అను మాట

మన తెలుగు బైబిలులో యాకోబు పత్రిక ఇట్టి బిడ్డలను దిక్కులేని పిల్లలు అని పిలుచుచున్నది. ఎంత చక్కని మాట! మన భాషలో దిక్కు అనగా తూర్పు, పడమర అను దిక్కు. ఆదుకొను మనిషి అనియు అర్థమే. ఇంటికి పెద్దవానిని పెద్దదిక్కు అందుము. రాత్రివేళ పొలిమేర దాటి త్రోవ తప్పినవాడు చుక్కను చూచి దిక్కు తెలిసికొనును. ఆ చుక్క ఒకనాడు ఒక చోటను, మరునాడు వేరొక చోటను కనిపించినచో వాని గతి ఏమి? దిక్కు అనునది కదలరాదు. కదలునది దిక్కు కాదు.

ఇంగ్లీషులో మెంటరు అను మాటను ఇప్పుడు మన యౌవనస్థులు వాడుచున్నారు. దానిని మన ఇండ్లలో పెద్దదిక్కు అని ఎన్నడో అనుకొన్నాము. చదువు చెప్పుట అందులో సగము. మిగిలిన సగము, కదలకుండ ఉండుట.

అదే వచనములో పరామర్శించుట అను మాట కలదు. ఈ మాట నేడు కొంత పలుచబడినది. నాయకులు వరద బాధితులను పరామర్శించిరని వార్తలలో చదువుదుము. కారు దిగిరి, రెండు మాటలాడిరి, కారెక్కిరి. యాకోబు వాడిన గ్రీకు మాట ఎపిస్కెప్టోమై. దగ్గరకు వచ్చి, కనిపెట్టి చూచి, బాధ్యత వహించుట దాని భావము. బిషప్పు అను పదవికి మూలమైన ఎపిస్కొపొస్ అను మాటయు ఆ కుటుంబములోనిదే. అపొస్తలుల కార్యములు 15:36లో, తాము సువార్త ప్రకటించిన ఊళ్లకు తిరిగి వెళ్లి అచ్చటి సహోదరులు ఎట్లున్నారో చూతమని పౌలు బర్నబాతో అనునప్పుడు ఈ మాటనే లూకా వాడెను. అచ్చట అది మొదటిసారి వెళ్లుట కాదు, మరల వెళ్లుట. మనము ఒక బిడ్డను చూడబోవుట పరామర్శ అగునో కాదో మన రెండవ రాకను బట్టియు, ఇరువదవ రాకను బట్టియు తెలియును.

మొర్దెకై నడక

లేఖనములలో పెంపుడు బిడ్డలు పలువురు ఉన్నారు. మోషే ఫరో కుమార్తె ఇంట పెరిగెను. సమూయేలు మందిరములో ఏలీ యొద్ద పెరిగెను. అతని తల్లి యేటేట చిన్న అంగీ కుట్టి తెచ్చెడిది. ఈ యేడు ఎంత ఎదిగియుండునో తలంచుకొని కదా ఆమె గుడ్డ కొలిచియుండును! అయితే మన విషయమునకు అన్నిటికంటె దగ్గరగా ఉన్నది ఎస్తేరు కథ.

ఎస్తేరుకు తల్లి లేదు, తండ్రి లేడు. బంధువైన మొర్దెకై ఆమెను తన కుమార్తెగా పెంచెను. తరువాత ఆమె అతని చేతిలో నుండి పోయి రాజుగారి అంతఃపురమునకు చేరెను. అతడు లోపలికి పోజాలడు. తన బాధ్యత తీరినదని ఇంట కూర్చుండవచ్చును. ఆమెకు తిండికి లోటు లేదు, బట్టకు లోటు లేదు. కాని 2:11 చూడుడి. ఆమె ఎట్లున్నదో, ఆమెకు ఏమి జరుగుచున్నదో తెలిసికొనుటకు అతడు ప్రతిదినమును ఆ ఆవరణము ఎదుట తిరుగుచుండెను. అచ్చటి కన్యకల సిద్ధపాటునకు 12 నెలలు పట్టెనని తరువాతి వచనము చెప్పుచున్నది. కోటగోడల మధ్య ఉన్న ఒక అనాథ పిల్ల క్షేమమును విచారించుటకు, వెలుపల ఒక మనిషి నడక ప్రతిదినము వినబడుచుండెను.

నాలుగవ అధ్యాయములో మొర్దెకై ఆమెకు చాల కఠినమైన మాటను పంపెను. రాజగృహములో ఉన్నావు గనుక నీవొక్కతెవే తప్పించుకొందువని తలంపకుము అను భావము గల మాట అది. ఎస్తేరు ఆ మాటను ఎందుకు విన్నది? అంత కఠినముగా చెప్పు అధికారము అతనికి ఎక్కడ నుండి వచ్చినది? నాలుగవ అధ్యాయములోని మాటకు బలము రెండవ అధ్యాయములోని నడక నుండి వచ్చినదని నేను తలంచుచున్నాను. మనమైతే ఆ నడక లేకుండ ఆ మాట చెప్పబోవుదుము. ఒక్కసారి పోయి, పిల్లలను వరుసగా కూర్చుండబెట్టి, బాగుగా చదువుకొనవలెనని, చెడు సావాసములు పనికిరావని గంటసేపు బోధించి వచ్చెదము. అది వారి చెవి దాటి పోదు.

పండుగ సార్లు, చదువు సారు

పట్టణము ప్రక్కనున్న ఒక గృహములో పిల్లలు తమ యొద్దకు వచ్చువారికి రెండు పేర్లు పెట్టుకొని యుండిరి: పండుగ సార్లు, చదువు సారు. పండుగ సార్లు డిసెంబరులో కేకు తెత్తురు, పాట పాడించుదురు, వరుసలో నిలువబెట్టి సెల్ ఫోనుతో ఫొటో తీసికొందురు. మరల డిసెంబరు వరకు కనబడరు. చదువు సారు ఒక్కడే. అతడు కరెంటు పని చేయువాడు. శుక్రవారము సాయంత్రము సైకిలు మీద వచ్చి ఎక్కాలు అప్పజెప్పించుకొనును. కేకు ఏమియు తేడు. కాని శుక్రవారము వచ్చునప్పటికి పిల్లలు నోటు పుస్తకములు పట్టుకొని గేటు యొద్ద ఉందురు. ఆ రెండు పేర్లలో ఎంత తీర్పు ఇమిడియున్నదో చూడుడి. పిల్లలు మనలను నిలదీయరని పైన అంటిని. కాని వారు మనకు పేర్లు పెట్టుదురు.

ఫొటోల మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. ఇట్టి బిడ్డల పేరు, ఫొటో, చిరునామా వారిని గుర్తుపట్టునట్లు పత్రికలలో గాని ఇతర ప్రచార సాధనములలో గాని ప్రచురించుటను బాలల న్యాయ చట్టము 74వ సెక్షను నిషేధించుచున్నది. అందుకు ఆరు నెలల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అయితే మనకు చట్టము వరకు పోనవసరము లేదు. కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియనీయవద్దని మన ప్రభువు చెప్పియున్నాడు (మత్తయి 6:3). బిడ్డ పేదరికమును పదిమందికి చూపి మన ధర్మగుణమునకు మెప్పు సంపాదించుట, వాని యొద్దనున్న కొద్దిపాటి మర్యాదను దోచుకొనుటయే.

కొంచెమైనను మేలే గదా?

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: "అయ్యగారూ, ఏడాది పొడుగునా వెళ్లలేని వారు ఒక నెల వెళ్లినా ఆ నెల మేలు మేలే కదా? అసలు వెళ్లకపోవడం కంటె నయం కదా?" న్యాయమైన ప్రశ్న. బియ్యము విషయములో ఈ మాట నిజము. పది కిలోలు ఇవ్వలేనివాడు ఒక కిలో ఇచ్చినను ఒక పూట గడచును. నమ్మిక విషయములో ఇది నిజము కాదు.

దీనిని కొలిచి చూచినవారు ఉన్నారు. అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అను సంస్థ, 10 నుండి 16 ఏండ్ల వయసు పిల్లలకు ఒక్కొక్క పెద్దదిక్కును ఏర్పాటు చేయుచుండెను. ఆ పిల్లలందరు అనాథలు కారు. గ్రాస్‌మన్, రోడ్స్ అను పరిశోధకులు వారిని పరిశీలించి 2002లో తమ ఫలితములను ప్రకటించిరి. ఒక సంవత్సరము గాని అంతకు మించి గాని స్నేహము నిలిచిన పిల్లలకు ఎక్కువ మేలు కలిగినది. మూడు నెలలలోనే అది తెగిపోయిన పిల్లలకు తమ విలువను గూర్చిన ధైర్యమే తగ్గిపోయినది. అనగా మధ్యలో విడిచిపోవుట సున్నాతో సమానము కాదు, సున్నాకు క్రిందిది.

కారణము మన పల్లెవారికి సులభముగా తెలియును. నారుమడిలో ఉన్న మొక్కను పీకి, పొలములో నాటి, నీరు పెట్టక పోయినవాడు ఆ మొక్కకు మేలు చేసితినని చెప్పగలడా? నారు పోసినవాడు నీరు పోయడా అని మనము దేవుని గూర్చి సామెత చెప్పుకొందుము. మన పని ఆయన పనిని పోలియుండవలెను గదా. ఇంతకుముందే ఒకసారి తనవారిని పోగొట్టుకొన్న బిడ్డ మరియొకరిని నమ్ముటకు చాల ధైర్యము చేయవలెను. ఆ ధైర్యమును పుట్టించి విడిచినవాడు, రెండవ మరణము వంటి దుఃఖమును వానికి కలుగజేసినవాడగును.

సామెతలు 23:10–11లో, తండ్రిలేని వారి పొలములో చొరబడరాదనియు, వారి పక్షమున వ్యాజ్యెమాడు బలవంతుడొకడు ఉన్నాడనియు హెచ్చరిక కలదు. ఆస్తి ఏమియు లేని బిడ్డకు ఉన్న పొలము వాని ఆశ ఒక్కటే. శనివారము కొరకు ఎదురుచూచుట వాని గట్టు రాయి. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇందులో ఉన్నది. అడుగలేనివానికి ఇచ్చిన మాటకు దేవుడే జామీను నిలిచియున్నాడు. అడుగువాడు చిన్నవాడైనంత మాత్రమున ఆ మాట చిన్నది కాదు.

మేమేమి చెప్పగలము?

"మేము పెద్ద చదువులు చదివినవారము కాము" అని కొందరు వెనుకాడుదురు. చోటు మారుచు, బడి మారుచు వచ్చిన పిల్లలకు తరచుగా క్రింది తరగతి పాఠమే లోపించియుండును. ఆరవ తరగతి పిల్లకు గుణింతములు సరిగా రావు. అప్పు తెచ్చి చేయు తీసివేత రాదు. వీటిని నేర్పుటకు డిగ్రీ అక్కరలేదు, ఓపిక కావలెను. తాపీమేస్త్రి కొలతలు చెప్పగలడు. సంతలో కూరలు అమ్ము అక్క నోటిలెక్క చెప్పగలదు. పిల్ల పైకి చదువుచుండగా ప్రక్కన కూర్చుండి వినువారు ఎవరైనను చాలును.

మరియొక మాట జాగ్రత్తగా చెప్పుచున్నాను. ప్రభుత్వ గృహములలో అన్ని మతముల పిల్లలు ఉందురు. లెక్కలు చెప్పుదుమని అనుమతి పొంది వెళ్లినవారు లెక్కలే చెప్పవలెను. బిడ్డ అవసరమును ఎరగా చేసికొనుట ప్రభువు మార్గము కాదు. ఆయన పదిమంది కుష్ఠరోగులను బాగుచేసి, తిరిగి రాని తొమ్మండుగురి స్వస్థతను వెనుకకు తీసికొనలేదు. చెప్పిన దినమున చెప్పిన గంటకు వచ్చుటయే మన సాక్ష్యము.

పిల్లలు మనలను నిరాశపరచు దినములును వచ్చును. పరీక్ష తప్పుదురు, అబద్ధమాడుదురు, చెప్పకుండ పారిపోవుదురు. పంఫూలియలో పని విడిచిపోయిన మార్కును పౌలు వద్దనగా, బర్నబా వానిని విడువక తన వెంట తీసికొనిపోయెను. ఆ మార్కే తనకు పనికివచ్చునని పౌలు తన చివరి పత్రికలో వ్రాసెను (2 తిమోతి 4:11). నడుమ ఉన్న సంవత్సరములను బర్నబా ఓర్చెను.

వెళ్లవలసివచ్చినప్పుడు

ఏమీ కార్మైకేలు దొరసానిగారు ఐర్లాండు నుండి 1895లో మన దేశమునకు వచ్చి, తిరునెల్వేలి ప్రాంతమందలి దోనావూరులో 1901 నుండి దిక్కులేని బిడ్డలను చేరదీసిరి. 1951లో చనిపోవు వరకు ఆమె తన దేశమునకు ఒక్కసారియు తిరిగి పోలేదు. పిల్లలు ఆమెను అమ్మ అని పిలిచిరి. అట్టి పిలుపు అందరికి రాదు. మనకు పెండ్లిండ్లు ఉన్నవి, ఉద్యోగములు ఉన్నవి, వలసలు ఉన్నవి. మరి ఎన్నడును విడువని వారే మొదలుపెట్టవలెనా?

యోహాను 14వ అధ్యాయములో మన ప్రభువు దీనికి దారి చూపెను. ఆయనయు శిష్యులను విడిచి వెళ్లవలసియుండెను. అయితే చెప్పకుండ వెళ్లలేదు. ముందుగా చెప్పెను, వారి ప్రశ్నలు వినెను, వారి దుఃఖమును తప్పుపట్టలేదు. వారు దిక్కులేని వారై మిగులకుండ మరియొక ఆదరణకర్త వచ్చునని వాగ్దానము చేసెను. మనమును అట్లే చేయవలెను. పోవలసివచ్చినచో నెల ముందుగా బిడ్డతో చెప్పుడి. మీ చోటికి వచ్చువారిని మీరే వెంటబెట్టుకొని పోయి చూపించుడి. ఊరు మారినను పరీక్షల నాడు, పుట్టినరోజు నాడు ఒక మాట పంపుడి.

అందుచేత ఈ సేవ ఒంటరిగా కాక సంఘముగా చేయుట మేలు. జిల్లా బాలల పరిరక్షణ విభాగము వారిని కలిసి అనుమతి పొందవలెను. వారు విచారణ చేసినచో చిన్నతనముగా ఎంచరాదు, అది బిడ్డల భద్రతకే. ఎప్పుడును ఇద్దరు కలిసి, పదిమంది కంటబడు చోటనే కూర్చుండవలెను. వారమునకు ఒక్క దినము, ఒక్క గంట చాలును. కాని కనీసము ఒక సంవత్సరమునకు లెక్క చూచుకొని ఒప్పుకొనవలెను. ఒకరికి జ్వరము వచ్చినచో వేరొకరు పోవునట్లు పేర్లు వ్రాసికొనవలెను. మన ఊరిలోనే అమ్మమ్మ చేతి క్రింద పెరుగుచున్న బిడ్డ ఉన్నచో, ఆ ఇంటి అరుగు మీదనే మొదలుపెట్టవచ్చును.

సాధారణముగా 18 ఏండ్లు నిండినవారు గృహము విడువవలసియుండును. తరువాత కొంత సహాయమునకు చట్టములో ఏర్పాటు కలదు గాని, పండుగకు ఎవరింటికి పోవలెనను ప్రశ్నకు చట్టము జవాబు చెప్పలేదు. ఆ దినము వరకు నిలిచిన పెద్దదిక్కు ఉన్నచో ఆ యువకునికి పోవుటకు ఒక గుమ్మము ఉండును.

కాబట్టి ప్రియులారా, ఈ సేవకు పేరు ఇచ్చుటకు ముందు ఒక రాత్రి ప్రార్థించి, మీ పనుల లెక్క చూచుకొనుడి. పోగలమని తోచిన దినమునే చెప్పుడి. చెప్పిన దినమున పొండు. వచ్చు శనివారము గేటు యొద్ద నిలుచు బిడ్డ మన మాటను ఇప్పటికే నమ్మియుండును.

అనాథలకు తండ్రియైన దేవుడు మన మాటలను నిలబెట్టుకొను కృపను మనకు దయచేయును గాక. ఆమేన్.